చెల్లని చెక్కు ఆవిడ చేతిలో ఉంది, డబ్బు ఎవరి ఖాతాలో ఉంది?

ఇవాళ పొద్దున్న విశాఖ అక్కయ్యపాలెంలో ఒక బ్యాంకు బ్రాంచి కౌంటరు దగ్గర ఒక పెద్దావిడకి చెక్కు వెనక్కి ఇచ్చేశారు. "డేటు అయిపోయిందమ్మా, తీసుకోం" అన్నారు. అంతవరకు బ్యాంకు తప్పేం లేదు. ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రి రాసిచ్చిన రిఫండు చెక్కు అది. 38,600 రూపాయలు, తేదీ 2023 ఫిబ్రవరి 10. ఆవిడ అదే ఆటోలో ఆసుపత్రికి వెళ్తే బిల్లింగు కౌంటర్లో అన్న మాట వినండి: "మూడేళ్ళు దాటిపోయింది, ఆ ఏడాది అకౌంట్సు క్లోజ్ చేసేశాం. టైముకి బ్యాంకులో వేసుకోవాల్సిన బాధ్యత మీదే కదమ్మా."

"నా డబ్బు నాకివ్వడానికి టైమేటి బాబూ?" అని అడిగారావిడ. కౌంటర్లో ఎవరూ నోరు విప్పలేదు. నాకు మాత్రం కడుపు రగిలిపోతోంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చెక్కు మీద పేరు ఆవిడది కాదు, ఆవిడ భర్తది. ఆయన పోయింది 2023 జనవరిలో, ఆ ఆసుపత్రిలోనే. డెత్ సమ్మరీ మీద సంతకం పెట్టింది వాళ్ళ డాక్టరే. ఇన్సూరెన్సు డబ్బు ఆలస్యంగా వచ్చింది, ముందు కట్టించుకున్న అడ్వాన్సులో ఇంత మిగిలింది. మూడు వారాలకి అదే ఆసుపత్రి ఆ చనిపోయిన మనిషి పేరునే, ఎడమ మూల రెండు గీతలు గీసి, అకౌంట్ పేయీ చెక్కు (పేరున్న మనిషి ఖాతాలోనే పడేది) రాసి ఇంటికి పంపింది! ఆ చెక్కు ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఆయన ఖాతా అప్పటికే మూసేశారు. ఆవిడ ఖాతాలో వేస్తే పేరు కలవదు. అంటే చెల్లుబాటు గడువు సంగతి తర్వాత, ఆ చెక్కు మొదటి రోజు నుంచే ఆవిడకి పనికిరానిది. పైగా అడ్వాన్సు కట్టింది ఆవిడ డెబిట్ కార్డుతో. స్వైపు స్లిప్పు మీద ఇంకు ఎగిరిపోయి కాగితం తెల్లబడిపోయింది గానీ, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ ఎంట్రీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఎవరు కట్టారో వాళ్ళకే తిరిగి ఇవ్వాలన్న ఇంగితం ఆ రోజు ఉండి ఉంటే ఈ గొడవే లేదు.

సరే, "మీరు వేసుకోలేదు కాబట్టి మాకేం తెలుసు" అనే వాదన దగ్గరికి వద్దాం. ఇది పచ్చి అబద్ధం. అకౌంట్సులో పనిచేసే ఎవరినైనా అడగండి. ప్రతి నెలాఖరుకీ బ్యాంకు రీకన్సిలియేషన్ చేస్తారు. సంస్థ పుస్తకంలో ఉన్న బ్యాంకు నిల్వకీ, బ్యాంకు స్టేట్‌మెంటు చూపించే నిల్వకీ తేడా ఎందుకొచ్చిందో పద్దు పద్దుగా రాసే కాగితం అది. అందులో ఎప్పుడూ ఉండే పద్దు, ఇచ్చి ఇంకా ప్రెజెంట్ కాని, అంటే బ్యాంకుకి రాని చెక్కులు. చెక్కు నంబరు, తేదీ, పేరు, మొత్తం వరసగా ఉంటాయి. ఫిబ్రవరి 10 చెక్కు ఫిబ్రవరి 28 లిస్టులో ఉంటుంది, మార్చి 31 లిస్టులో ఉంటుంది, ఏప్రిల్ 30 లిస్టులో ఉంటుంది. మే నెలలో గడువు దాటాక ఎవరో ఒకరు కూర్చుని జర్నల్ ఎంట్రీ వేస్తారు: బ్యాంకు ఖాతాకి డెబిట్, స్టేల్ (గడువు దాటిన) చెక్కుల ఖాతాకి క్రెడిట్. నాలుగు నెలల్లో నాలుగుసార్లు ఆ పేరు వాళ్ళ కళ్ళ ముందు నుంచి వెళ్ళింది. అడ్మిషన్ ఫారంలో అటెండెంటు ఫోను నంబరు రాయించుకోకుండా మంచం కూడా ఇవ్వరు కదా? ఆ నంబరుకి ఒక్క ఫోను చెయ్యలేకపోయారా? ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగి, అదే పద్దుని పాత బాకీలు రద్దు చేశాం అని ఆదాయంలో కలిపేసుకునే సంస్థలున్నాయి. ఆవిడ కష్టార్జితం అలా వాళ్ళ లాభంలోకి ఎక్కుతుంది.

చట్టం ఏం చెప్తుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఇది చెప్పరు. చెక్కు చేతికివ్వడం బాకీ తీర్చడం కాదు, అది పాసై డబ్బు ఖాతాలో పడితేనే బాకీ తీరినట్టు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 84వ సెక్షన్ ఉంది. చెక్కు పుచ్చుకున్నవాడు సకాలంలో బ్యాంకుకి తీసుకెళ్ళకపోతే, ఆ ఆలస్యం వల్ల ఇచ్చినవాడికి నిజంగా నష్టం జరిగితే, అంటే ఈలోగా ఆ బ్యాంకే మునిగిపోయి అతని డబ్బు పోతే, ఆ నష్టం మేరకే అతనికి విముక్తి. ఇక్కడ ఏ బ్యాంకు మునిగింది? డబ్బు వాళ్ళ ఖాతాలో హాయిగా ఉంది.

మూడు నెలల గడువంటారా, అది కాగితానికి. 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు ఆరు నెలల గడువుని మూడు నెలలకి తగ్గించింది. నెలలే లెక్క, 90 రోజులు కాదు. మూడేళ్ళ గడువు కోర్టుకి వెళ్ళడానికి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్ళు దాటితే దావా వెయ్యలేకపోవచ్చు, కానీ బాకీ బతికే ఉంటుందని సుప్రీంకోర్టు 1957లోనే బాంబే డైయింగ్ కేసులో తేల్చింది. గడువు దాటిన బాకీని కడతామని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుందని 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెప్తోంది. కాబట్టి "చట్టం ఒప్పుకోదమ్మా" అనేవాళ్ళ మాట నమ్మకండి. చట్టం వాళ్ళ చేతులు కట్టెయ్యలేదు, ఇవ్వాలని వాళ్ళకే లేదు.

ఇంక ఇండెమ్నిటీ బాండు, అంటే తర్వాత నష్టం వస్తే మేమే భరిస్తామని రాసిచ్చే హామీ పత్రం. ఆవిడని ఇవాళ అదీ అడిగారు. వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ, ఇద్దరు సాక్షులు. ఎందుకు? చెక్కు పోయిందని చెప్పి కొత్తది తీసుకుని, పాతది కూడా మార్చుకుంటారేమో అన్న భయానికి పుట్టింది ఆ బాండు. ఒరిజినల్ చెక్కు ఆవిడ చేతిలోనే ఉంది, అప్పజెప్తానంటున్నారు. అదీగాక గడువు దాటిన చెక్కుని ఏ బ్యాంకూ పాస్ చెయ్యదు. మరి దేనికి హామీ? అలాగే వారసత్వ కాగితాలు. కట్టింది ఆవిడ కార్డుతో అయినప్పుడు తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం సచివాలయం చుట్టూ ఎందుకు తిరగాలి? 38,600 కోసం నెల రోజులు తిరిగితే సగంమంది విసిగి వదిలేస్తారు, అదే వాళ్ళకి కావాల్సింది.

వడ్డీ మాట ఎత్తితే ముఖం చిట్లిస్తారు. ఏడాదికి 6 శాతం వేసినా 38,600 మీద 2,316 రూపాయలు, మూడేళ్ళకి 6,948. ఒక మామ్మగారికి అది మూణ్ణాలుగు నెలల మందుల ఖర్చు. మనం బాకీ పడితే మాత్రం ఎవరైనా ఊరుకుంటారా? అదే ఆసుపత్రిలో బిల్లు బాకీ ఉంటే డిశ్చార్జి కాగితం టేబులు దాటదు. ఆదాయపు పన్నులోనే చూడండి, మనం ఆలస్యంగా కడితే నెలకి 1 శాతం, వాళ్ళు మనకి రిఫండు ఆలస్యం చేస్తే నెలకి అర శాతం. అయినా ఆ శాఖ నయం, ఆ అర శాతం అడక్కుండానే వేస్తుంది, 2019 మార్చి నుంచి చెక్కులు మానేసి నేరుగా ఖాతాలోనే వేస్తోంది.

షేరు డివిడెండు తీసుకోకపోతే ఏం జరుగుతుందో తెలుసా? ప్రకటించిన 30 రోజుల్లో అందకపోతే, తర్వాతి ఏడు రోజుల్లో కంపెనీ ఆ డబ్బుని విడిగా ఒక ఖాతాలో వెయ్యాలి. వెయ్యకపోతే 12 శాతం వడ్డీ. ఎవరెవరికి బాకీయో వెబ్‌సైటులో పేర్లు పెట్టాలి. ఏడేళ్ళకి కేంద్ర నిధికి పోతుంది, అక్కణ్ణించి కూడా మళ్ళీ తెచ్చుకోవచ్చు. బ్యాంకులో పదేళ్ళు కదలని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, ఉద్గమ్ పోర్టల్లో పేరు కొట్టి వెతుక్కోవచ్చు. షేర్లున్నవాళ్ళకి ఇన్ని రక్షణలు! ఆసుపత్రి అడ్వాన్సుకి, కాలేజీ డిపాజిట్టుకి, అద్దె ఫంక్షన్ హాలు డిపాజిట్టుకి ఏదీ లేదు. విడి ఖాతా లేదు, లిస్టు లేదు, నిధి లేదు.

కాలేజీ అన్నాను కదా, ఆ పాత మంట ఇంకా ఆరలేదు. మన విశాఖ చుట్టూ ఇన్ని ఇంజినీరింగు కాలేజీలు. చేరేటప్పుడు కాషన్ డిపాజిట్టు (చదువయ్యాక తిరిగిచ్చే హామీ సొమ్ము) కట్టేది తండ్రి. నాలుగేళ్ళ తర్వాత రిఫండు చెక్కు రాసేది పిల్లాడి పేరున, పంపేది పాత అద్దింటి చిరునామాకి. పిల్లాడు అప్పటికి బెంగళూరులో. చెక్కు మీద ఇంటిపేరు ఒక అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా. కొందరికి ముందు, కొందరికి వెనక. బ్యాంకు తిప్పి పంపుతుంది. నెఫ్ట్ చేస్తాం, అంటే నేరుగా ఖాతాకి పంపుతాం అన్నా, చేరిన రోజు ఇచ్చిన పాస్‌బుక్కు జిరాక్సు ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న మన ఆంధ్రా బ్యాంకుని యూనియన్ బ్యాంకులో కలిపేశారు, బ్రాంచిని గుర్తించే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడు పోయింది. మచిలీపట్నంలో 1923లో పుట్టిన బ్యాంకు పేరు బోర్డు మీంచి తీసేసినప్పుడు ఈ ఊళ్ళో ఎంతమంది బాధపడ్డారో నాకు తెలుసు, ఆ బాధ వేరే. ఇక్కడ చెప్పేది, కోడు తప్పు అని డబ్బు తిరిగొచ్చాక కాలేజీ మళ్ళీ ఫోను చెయ్యదు. ఐదు వేలే కదా అని తండ్రి వదిలేస్తాడు. బ్యాచికి ఎంతమంది అలా వదిలేస్తున్నారో ఆ కాలేజీ అకౌంట్సు పుస్తకానికే తెలుసు.

ఇలాంటి చెక్కు మీ బీరువాలో ఉంటే ఏం చెయ్యాలో చెప్తాను. ముందు రెండు వైపులా జిరాక్సు తియ్యండి. కింద తెల్లటి పట్టీలో అంకెలుంటాయి. మొదటి ఆరు చెక్కు నంబరు, తర్వాతి తొమ్మిది ఎంఐసీఆర్ కోడు, అంటే ఏ ఊరు, ఏ బ్యాంకు, ఏ బ్రాంచో చెప్పే అంకెలు. విశాఖ బ్రాంచి అయితే అది 530తో మొదలవుతుంది. లెటరులో చెక్కు నంబరు, తేదీ, మొత్తం, బ్యాంకు బ్రాంచి, ఏ బిల్లు మీద రిఫండో ఆ బిల్లు నంబరు రాయండి. మీ క్యాన్సిల్డ్ చెక్కు పెట్టి, డబ్బు నెఫ్ట్‌లో వెయ్యమని అడగండి, మళ్ళీ చెక్కు వద్దు. 15 రోజులు గడువివ్వండి. చివర ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: "ఈ లెటరు తేదీ నుంచి చెల్లించే తేదీ వరకు వడ్డీ కూడా కోరుతున్నాను." 1978 వడ్డీ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా అడిగిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకి ఉంది. అడగని రోజులకి వడ్డీ రాబట్టడం చాలా కష్టం, అందుకే ఇవాళే అడగండి. ఒరిజినల్ చెక్కు మాత్రం కాపీ మీద లెటరు అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేశాకే చేతికివ్వండి. స్టాంపు వెయ్యం అంటే జిరాక్సుతో లెటరు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి, వినియోగదారుల కమిషన్‌లో వెయ్యండి. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కానీ రెండేళ్ళ లోపు వెయ్యాలి, దాటితే ఆలస్యానికి కారణం రాసివ్వాలి.

ఇంకోటి. మూడేళ్ళు నిండక ముందు సంస్థ "మీ బాకీ ఉంది" అని రాతలో ఒప్పుకుంటే, ఆ తేదీ నుంచి మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఈమెయిల్ అయినా పనికొస్తుంది. ఆవిడ మేనల్లుడు గాజువాకలో ఉంటాడు. 2024లో ఒకసారి ఆసుపత్రికి మెయిల్ పెట్టాడట, "మీ రిఫండు 38,600 ప్రాసెస్‌లో ఉంది" అని జవాబు వచ్చిందట. ఆ ఫోను పోయింది, మెయిల్ పాస్‌వర్డు మర్చిపోయాడు. సాయంత్రం నుంచి అత్తా మేనల్లుడూ కూర్చుని అదే వెతుకుతున్నారు. దొరికితే ఆ ప్రింటు సోమవారం లెటరుకి పిన్ను చేసి పంపుతాం, దొరక్కపోయినా లెటరు మాత్రం వెళ్తుంది.