సరిపోయింది!

'సరిపోవడం' అనే క్రియ తెలుగులో కాలాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. విడిభాగాలు అమ్మేవాడు "సరిపోతుంది" అంటాడు. దాన్ని బిగించేవాడు కాసేపటికి నడుం మీద చేతులు పెట్టుకుని "సరిపోయింది!" అంటాడు. మొదటిది హామీ, రెండోది నిట్టూర్పు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి పాత మిలిటరీ ట్రక్కు ముందు అద్దాన్ని మించిన సాధనం లేదు.

డాడ్జ్ ఎం37నే తీసుకోండి. ముప్పావు టన్ను సరుకు మోసే బండి. 1951 నుంచి 1968 దాకా, మధ్యలో విరామాలతో, అమెరికా సైన్యం కోసం తయారైంది. ఇలాంటి బండిని మళ్లీ కొత్తదానిలా నిలబెట్టాలని ఇంజను విప్పి బిగించినవాళ్లు, 24 వోల్టుల వైరింగు మొత్తం కొత్తగా లాగినవాళ్లు చివరికి అద్దం దగ్గరికొచ్చి "ఇంతేగా, ఒక ఆదివారం పని" అంటారు. నిజమే, గాజులో వంపు లేదు, ఉన్న రెండు అద్దాలూ బల్లపరుపు పలకలే. ఏ ఏడాది ఆదివారమో చెప్పలేదు కాబట్టి దాన్ని అబద్ధం అనడానికీ లేదు.

బయట ఒక పెద్ద ఫ్రేము. అది బానెట్ మీదకి పడుకుంటుంది. అందులో రెండు చిన్న ఫ్రేములు పైన హింజీలకు వేలాడుతూ, కింది అంచు ముందుకు తెరుచుకుంటాయి. ఆనాటి ఏసీ అదే. యుద్ధకాలంలో అద్దం తళుక్కుమంటే శత్రు విమానానికి బండి దొరికిపోతుందని, ఫ్రేమును పడుకోబెట్టి పైన కాన్వాసు ముసుగు తొడిగేవారు. అంటే ఈ అద్దం వాడకుండా దాచడానికి కూడా వీలుగా తయారైన వస్తువు. మనం ఆ వీలుని వదిలేసి దాన్ని నిలబెట్టి, వానలో తడవకుండా కూర్చోవాలనుకుంటున్నాం. తప్పు ఎక్కడుందో పాఠకులే గ్రహించగలరు.

కదిలే ప్రతి చోటా ఒక సందు, ప్రతి సందుకీ ఒక రబ్బరు బీడింగు, ప్రతి బీడింగుకీ ఒక వ్యాపారి. వ్యాపారి ముందుగా జాతకం చూపిస్తాడు. ఎం37 కుటుంబానికి సైన్యం పెట్టిన గోత్రం జి-741. ఆపైన స్టాక్ నంబరు, అంటే ఒక్కో విడిభాగానికి సైన్యం ఇచ్చిన సంఖ్య: ఒకప్పుడు 11 అంకెలు, 1974 నుంచి 13. మొదటి నాలుగు 2510 అయితే అది క్యాబిను, బాడీ, ఫ్రేము జాతి. అన్ని అంకెలూ కలుస్తాయి. పెళ్లిళ్లలో ముప్పయ్యారు గుణాలూ కలిసినట్టే. కాపురం సంగతి జాతకంలో ఉండదు.

సంబంధాలు రెండు రకాలు. ఒకటి 'న్యూ ఓల్డ్ స్టాక్'. ఆ రోజుల్లోనే తయారై, ఎవరూ వాడకుండా మైనం కాగితంలో ఉండిపోయిన సరుకు. ఇనుప సామానైతే కళ్లకద్దుకుని కొనొచ్చు. రబ్బరైతే అది అరవయ్యేళ్ల పెళ్లికాని వరుడు. ఏ మచ్చా లేని మాట నిజమే, వంగమంటే మాత్రం విరుగుతాడు. గాలి, వేడి, కాలం కలిసి రబ్బరుని సంచిలో ఉండగానే ముదరబెడతాయి. రెండోది కొత్తగా పోతపోసిన బీడింగు. చూడముచ్చటగా ఉంటుంది, కాకపోతే స్పాంజి రబ్బరు ఉండాల్సిన చోట గట్టి రబ్బరు పంపిస్తారు. స్పాంజి నొక్కితే సగానికి అణుగుతుంది. గట్టిది అణగదు, ఎదురు తిరుగుతుంది. లోపలి ఫ్రేము మూసుకోదు. అప్పుడు మన వీరుడు బిగింపు నాబ్‌ని శక్తికొద్దీ తిప్పుతాడు. ఫ్రేము సన్నగా వంగుతుంది. గాజు వంగదు. తెల్లారేసరికి మూల నుంచి వెంట్రుకలాంటి గీత మొదలవుతుంది. బీడింగు మాత్రం చెక్కుచెదరదు.

గాజు పగిలితే అందరూ గాజుని తిడతారు కానీ చాలాసార్లు నేరం ఫ్రేముది. దశాబ్దాలపాటు సైనికులు దాన్నే పట్టుకుని బండెక్కారు. విప్పిన ఫ్రేముని చదునైన బల్ల మీద పెట్టి చూడండి: మూడు మూలలు ఆనతాయి, నాలుగోది నేతిబీరకాయలో నెయ్యిలా ఆనినట్టే ఉంటుంది, ఆనదు. మూల నుంచి మూలకి టేపు పట్టండి. రెండు కొలతలకీ తేడా 3 మి.మీ. దాటితే గాజు ఊసెత్తకూడదు, ముందు ఫ్రేముని సాపు చేయాలి. ఇది పెయింటుకి ముందు చేసే పని. అందరూ చేసేది పెయింటు తర్వాత.

కింది పట్టీ సంగతి వేరే చెప్పాలి. ఇలాంటి ఫ్రేముల అడుగున నీళ్లు జారిపోవడానికి సన్న కన్నాలు ఉంటాయి. పునరుద్ధరణ ఉత్సాహంలో ఉన్నవాడికి అవి తుప్పు తిన్న కన్నాల్లా కనిపిస్తాయి. వెల్డింగుతో శ్రద్ధగా పూడుస్తాడు, పైన పుట్టీ, దానిపైన ఆలివ్ రంగు. ఆనాటి నుంచి గాజు కింది అంచు నీళ్లలో కూర్చుంటుంది. ఫ్రేము లోపలి నుంచి కుళ్లడానికి రెండు మూడు వానాకాలాలు చాలు. ఇంత పట్టుదలగా తుప్పుని పెంచి పోషించే పద్ధతి మరొకటి లేదు.

పౌడర్ కోటింగు, అంటే రంగుపొడి చల్లి వేడితో కరిగించి పట్టించే పూత, చేయించిన వాళ్లది ఇంకో వైభవం. పూత ఒక్కో వైపు 80 మైక్రాన్లు, అంటే 0.08 మి.మీ. వినడానికి ఏమీ లేదు. గాజు కూర్చునే గాడి వెడల్పు 9.5 మి.మీ. అనుకుందాం. పాత పావు అంగుళం గాజుకి బదులు ఈరోజు దొరికేది 6.38 మి.మీ. లామినేటెడ్: రెండు 3 మి.మీ. గాజుల మధ్య 0.38 పొర. మిగిలింది 3.12, అంటే ఒక్కో వైపు 1.56. గాజు అంచుకి చుట్టే రబ్బరు పట్టీ, అదే సెట్టింగ్ టేపు, అంగుళంలో పదహారో వంతు మందం, అంటే 1.59. సబ్బునీళ్లు రాసి నెమ్మదిగా ఒత్తితే ముచ్చటగా కూర్చోవాలి. పౌడర్ కోటింగు వచ్చి ఆ గాడిలో 0.16 తినేసింది. ఇప్పుడది కూర్చోదు. చెక్క సుత్తి బయటికొస్తుంది. సుత్తి తర్వాత చీపురు. గాడిలో పూత పడకుండా ముందే మాస్కింగ్ టేపు అంటించమని చెబితే, అంత చిన్న విషయం కూడా చెప్పాలా అని కోటింగు షాపువాడు, అడగలేదుగా అని బండివాడు.

గాజు కత్తిరించడానికి అట్టముక్క నమూనా ఇవ్వాలి, ఫోనులో కొలతలు కాదు. గాడి అడుగు నుంచి అడుగుకి కొలిచి, నాలుగు పక్కలా 3 మి.మీ. తగ్గించాలి. టేపు అంచు చుట్టూ తిరుగుతుంది, దానికీ చోటు కావాలి. లామినేటెడే అడగాలి. టఫెన్డ్ గాజు గట్టిదే కానీ ఒకసారి కాల్చాక కత్తిరించలేరు, పగిలితే మొత్తం పటిక బెల్లమే. టేపు సులువుగా జారుతుందని థిన్నరు రాసేవాళ్లు, తర్వాత అంచుల్లో పాలపొంగు లాంటి తెల్లదనం చూసి గాజు నకిలీదని కేకలేస్తారు. మధ్యపొర థిన్నరుకి ఊడుతుంది. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ కూడా అదే పని చేస్తుంది, పైగా ఇనుముకి తుప్పు కానుక ఇస్తుంది.

బోల్టులదీ భాషా సమస్యే. బండి అంగుళాల్లో మాట్లాడుతుంది, డబ్బాలో ఉన్నవి మిల్లీమీటర్లు. పావు అంగుళం అంటే 6.35, పక్కనున్నది 6. కళ్లకి కవలలు. ఆరు మి.మీ. బోల్టు ఆ రంధ్రంలో రెండు చుట్లు హాయిగా తిరిగి, ఆగుతుంది. అంగుళానికి 20 మరలున్న చోట 25కి పైగా మరలున్న మనిషి దూరాడు మరి. స్పానర్ వేసి తిప్పితే అందులో ఇక పావూ పట్టదు, ఆరూ పట్టదు. అసలైన బోల్టులైనా చేత్తోనే అన్నీ పట్టించి, తలుపులు వేసి, కాన్వాసు టాపు ముందు అంచు తగిలించి చూసి, ఆఖర్న బిగించాలి. ముందే బిగించినవాడికి తలుపు మూసుకోదు.

ఇన్ని కష్టాలకీ మూలం ఆ ఒక్క మాటే కాబట్టి ఒక చట్టం రావాలి. 'సరిపోతుంది' అన్న ప్రతివాడూ, తాను అమ్మిన బీడింగు బిగించిన బండిలో, నీటి పరీక్ష అయ్యేదాకా కూర్చోవాలి. చేతికి టార్చి, సుద్దముక్క. బయటివాడు పైపు పట్టుకుని కింది నుంచి మొదలుపెట్టాలి: ముందు ఫ్రేము అడుగు బీడింగు, పది నిమిషాలు. తర్వాత పక్కలు. తర్వాత లోపలి ఫ్రేముల కింది అంచు. ఆఖర్న పైన హింజీలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా ఒకేసారి కారతాయి, నేరస్తుడు తప్పించుకుంటాడు. లోపలున్నవాడు చుక్క కనిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాలి, సంతకం కూడా చేయాలి. బీడింగుని లాగి అంటించినవాళ్లకి మూలల్లో గుర్తులు పడతాయి: లాగిన రబ్బరు వారం తిరగకుండా వెనక్కి ముడుచుకుంటుంది. ఎప్పుడూ మీటరుకి ఒక సెంటీమీటరు ఎక్కువే కోసి, నొక్కుతూ అంటించాలి.

అన్నీ సరిగ్గా చేసినవాడి బండిలో ఆ వ్యాపారి నలభై నిమిషాలు పొడిగా కూర్చుని, సుద్దముక్క అరగకుండా, అద్దం వంక గర్వంగా చూస్తాడు. అప్పుడు అతని మెడ మీద ఒక చుక్క పడుతుంది. పైకి చూస్తాడు. కాన్వాసు టాపు కుట్ల నుంచి. అదీ అతని దగ్గర కొన్నదే.