ఒగ్బెచేని ‘క్లబ్‌లు మారినవాడు’ అని తీసిపారేస్తే ఎలా?

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రోజు అనగానే గోవాలోని ఫటోర్డా స్టేడియంలో పెనాల్టీ షూటౌట్, గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలు గుర్తొస్తాయి. 2022 మార్చి 20 నాటి ఆ రాత్రి హీరో అతనే, సందేహం లేదు. కానీ జట్టును అక్కడిదాకా లాక్కొచ్చింది ఆ సీజన్‌లో 20 మ్యాచ్‌లాడి 18 గోల్స్ కొట్టిన 37 ఏళ్ల నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచే. అత్యధిక గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ కూడా అతనిదే.

ఒగ్బెచే గురించి ఎవరు రాసినా ‘యూరప్‌లో ఎక్కడా నిలదొక్కుకోలేకపోయాడు’ అన్న మాట రాకుండా ఉండదు. ఈ మాటను నేను ఒప్పుకోను. అతను నిలదొక్కుకోలేదనడం కన్నా, నిలవనివ్వని ఏర్పాటులో ఇన్నేళ్లు ఆడాడు అనడమే సరైన లెక్క.

మొదలు చూడండి. పదిహేడేళ్లకే పారిస్ సెయింట్ జర్మైన్ సీనియర్ జట్టులోకి వచ్చాడు. రొనాల్డినో, ఒకోచా, అనెల్కా ఉన్న జట్టు అది. అదే వయసులో, 2002లో, నైజీరియా తరఫున వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మీద ఆడాడు. ఆ వయసు కుర్రాడికి కావాల్సింది ఒకే కోచ్ కింద, ఒకే చోట రెండు మూడు సీజన్లు. దొరికింది లోన్ మీద, అంటే సొంత క్లబ్ తాత్కాలికంగా ఇంకో క్లబ్‌కు ఇచ్చే పద్ధతిలో, బాస్టియా, తర్వాత లోన్ మీదే మెట్జ్. లోన్‌లో ఉండే చిక్కేమిటంటే, తీసుకున్న క్లబ్‌కి ఆ కుర్రాడి భవిష్యత్తుతో పని లేదు. వచ్చే ఏడాది ఉండడని తెలిసినవాడికి కూర్చోబెట్టి ఎవరు నేర్పిస్తారు? ఈ శనివారం గోల్ కొట్టాడా లేదా, అంతే. కొట్టకపోతే బెంచీ. సొంత క్లబ్‌లో అతని చోటు ఈలోగా ఇంకొకరిది అయిపోతుంది.

అక్కడి నుంచి యూఏఈ, స్పెయిన్‌లో అలావెస్, వయ్యదోలిద్, కాదిజ్, తర్వాత గ్రీస్‌లో కవాలా. ఈ కవాలా దగ్గర కాస్త ఆగాలి. 2011లో గ్రీస్‌ను కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో ఆ క్లబ్‌ను టాప్ డివిజన్ నుంచి కిందికి నెట్టేశారు. యజమానుల స్థాయిలో జరిగిన దానికి ఆటగాళ్లు పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. ఒగ్బెచే ప్రొఫైల్‌లో మాత్రం అది ఇంకో క్లబ్, ఇంకో ఒక్క సీజన్. తర్వాత ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో, మళ్లీ స్పెయిన్, ఆపైన నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూ. చదివేవాడికి వరసగా పేర్లే కనిపిస్తాయి. ఒక్కో పేరు వెనక కొత్త భాష, కొత్త కోచ్, మొదటి రోజు నుంచి మళ్లీ నిరూపించుకోవాలన్న టెన్షన్ ఉన్నాయి.

ఐఎస్ఎల్ స్థాయి తక్కువ, రిటైర్ అయ్యేవాళ్లు వచ్చే లీగ్, అక్కడ గోల్స్ కొట్టడం గొప్పేమిటని అడిగేవాళ్లుంటారు. మరి అలెస్సాండ్రో డెల్ పియరో వచ్చాడు కదా? వరల్డ్ కప్ గెలిచినవాడు. 2014లో ఢిల్లీ తరఫున సీజనంతా కలిపి ఒక్క గోల్ కొట్టి వెళ్లిపోయాడు. లీగ్ అంత తేలికైతే ఆ పెద్ద పేర్లన్నీ గోల్స్ వర్షం కురిపించి ఉండాలి.

నాకు ఒగ్బెచే ఆటలో అన్నిటికన్నా నచ్చేది, ఏ జట్టుకెళ్లినా ఇట్టే ఇమిడిపోయి గోల్స్ కొట్టడం. నార్త్ఈస్ట్ యునైటెడ్‌కు 12, కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబై సిటీకి 8, హైదరాబాద్‌కు రెండు సీజన్లలో 18, 10. మొత్తం 63. అతను వెళ్లేనాటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు, తర్వాత భారత స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ దాటాడు. నాలుగు జట్లలో, నాలుగు రకాల ఆటలో ఈ గోల్స్ వచ్చాయి. వింగర్ బంతి ఎటు వేస్తాడో, ఎప్పుడు వేస్తాడో కొన్ని వారాల్లోనే పట్టేసేవాడు. పరుగు తగ్గిన వయసులో డిఫెండర్ కన్నా ఒక్క అడుగు ముందు నిలబడి, ఒక్క టచ్‌తో ముగించేవాడు. ఏటా కొత్తవాళ్లతో ఆడీ ఆడీ వచ్చిన విద్య ఇది. ఒకే క్లబ్‌లో, ఒకే మిడ్‌ఫీల్డర్ అందించే పాసులతో పదేళ్లు ఆడినవాడికి ఇది నేర్చుకునే అవసరమే రాదు.

ఇంతటి ఆటగాడి అత్యుత్తమ సీజన్‌ను హైదరాబాద్ కళ్లారా చూడలేదు. కోవిడ్ వల్ల 2021-22 మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. మరుసటి సీజన్‌లో గచ్చిబౌలికి వచ్చాడు, ఆడాడు, వెళ్లాడు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే కోపం వస్తుంది. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బకాయిల కారణంగా కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. చివరికి 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిది. ఆ జట్టును తీర్చిదిద్ది, 1962 జకార్తాలో దేశానికి ఆసియా క్రీడల బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఈ ఊరివాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ బంగారం గెలిచిన భారత జట్టులో ఆడాడు. అలాంటి ఊళ్లో ఒక చాంపియన్ క్లబ్ నాలుగేళ్లు తిరగకముందే జీతాలివ్వలేక మూటాముల్లె సర్దింది.

ఆటగాళ్లకు విధేయత లేదని తిట్టే అభిమానులు, క్లబ్‌లు ఆటగాళ్లను వదిలేసే తీరు మీద ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడరు. ఇక్కడే మారాలి. సీజన్ మొదలయ్యే ముందే ఏడాది జీతాల మొత్తానికి బ్యాంకు గ్యారంటీ చూపించని క్లబ్‌కు ఫుట్‌బాల్ ఫెడరేషన్ లైసెన్స్ ఇవ్వకూడదు. రేపు హైదరాబాద్ పేరుతో ఇంకో యజమాని వస్తే, గచ్చిబౌలి స్టేడియం అప్పగించే ముందు రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆ గ్యారంటీ అడిగి తీరాలి.