ఎరుపంటే పచ్చదనం

అనంతపురం రైతుకు ఆకాశం వంక చూడడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే చోట మెడకు ఆ మాత్రం పని తప్పదు. ఆకాశం కూడా మా వంక చూస్తోందన్న సంగతే చాలామందికి తెలియదు. 1988 మార్చి 17న నేలను ఫొటోలు తీసే మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం సోవియట్ రాకెట్ ఎక్కి వెళ్లిన నాటి నుంచి, ఒకటి కాకపోతే ఒకటి పైనుంచి చూస్తూనే ఉంది. వాన మాత్రం పంపదు. అది దాని శాఖ కాదు.

ఆ మొదటి ఉపగ్రహంలోని ఒక కెమెరా తీసే బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 72.5 మీటర్ల చదరం, అంటే దాదాపు ఎకరా ముప్పై సెంట్లు. ఎకరా ఉన్న రైతు సొంతంగా చుక్క కూడా కాలేకపోయాడు. పక్కవాడి చేను కలుపుకుంటే గానీ బొమ్మలోకి ఎక్కలేదు. తర్వాత వచ్చిన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా 23.5 మీటర్లకు దిగింది. అదే ఎకరా, అదే రైతు, ఇప్పుడు ఏడు చుక్కల ఆసామి. సీమలో రైతుకు ఎదుగుదల లేదనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఇక సేద్యపు కుంట. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుతో తవ్వితే ఆ చుక్కలో ఐదో వంతు కూడా రాదు. కనుక తవ్విన కుంట పైకి కనబడదు. తవ్వని కుంటా కనబడదు. బిల్లు పెట్టేవాడికి ఇంతకు మించిన సమానత్వం ఏముంది? పాపం, ఆ సుఖం ఎక్కువ రోజులు సాగలేదు. ఇప్పుడు ఉపాధి హామీ పనికి ముందొక ఫొటో, మధ్యలో ఒకటి, అయ్యాక ఒకటి తీసి ఇస్రో వారి మ్యాపుల వెబ్‌సైటు భువన్‌లోకి ఎక్కించాలి. దాంతో మా కుంటల్లో నీళ్ల కంటే ఫొటోలే ఎక్కువ నిలుస్తున్నాయి.

వాన నీటిని ఊళ్లోనే నిలిపే వాటర్‌షెడ్ పనుల గ్రామసభలో ఓ కుర్ర ఇంజనీరు ఉపగ్రహం తీసిన మ్యాపు పరిచాడనుకోండి, మాటలు ఇలా నడుస్తాయి.

"ఏంటికి సార్ ఈడ ఎర్రగుండాది? పైరుకు ఏమన్నా రోగమా?"

"కాదు పెద్దాయనా. ఎరుపంటే పచ్చదనం."

"మరి ఈ నీలంగా ఉండేది? నీళ్లా?"

"అది బీడు."

ఇంజనీరు చెప్పింది నిజమే. ఆకు కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, దాన్ని బొమ్మలో ఎరుపుగా వేస్తారు. పెద్దాయన తలూపుతాడు. సర్కారు కాగితంలో మాటొకటి, అర్థమొకటి ఉండడం ఆయనకు కొత్తేమీ కాదు.

అయితే ఆ మ్యాపులో అన్నిటికంటే ఎర్రగా వెలిగేది వేరుశనగ కాదు, ఎండిన చెరువులో మొలిచిన సర్కారు తుమ్మ. ఎరువు అడగదు, లోను అడగదు, బీమా అసలే అడగదు. నడివేసవిలోనూ పచ్చగా ఉంటుంది. ఉత్తమ రైతు అవార్డు దానికే ఇవ్వాలి. బొమ్మను నమ్మేముందు నేల మీద సరిచూసుకోమని శాస్త్రవేత్తలే చెబుతారు. ఆ ఎండకు జీపు దిగేదెవరు?

చెక్‌డ్యామ్‌కు చోటు వెతకడం మాత్రం నిజంగా గొప్ప పనే. నేల వాలు, మట్టి రకం, వాగుల దారి ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ఎక్కడ కట్టాలో తేలుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లోనే ఈ జాబితా చెక్కింది. చెరువుకు 12 అంగాలు, ఆరు దోషాలు. కొండ ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గర్లో రాయి దొరకాలి. ఉపగ్రహం కూడా వీటికి ఒప్పుకుంటుంది. దోషాల్లో ఒకటుంది చూడండి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఆ దోషం ఏ కెమెరాకూ చిక్కదు. పైనుంచి చూస్తే కర్ణాటకకూ మాకూ మధ్య గీతే లేదు. కర్ణాటక మీదుగా మాకు నీళ్లు తెచ్చే తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్‌ఎల్‌సీ) చిట్టచివర నిలబడి చూస్తే ఆ గీత బ్రహ్మాండంగా కనబడుతుంది.