పాకం పట్టని కాజా 90 రూపాయలా?

మా పర్లాకిమిడికి ఇంతవరకూ రెండు అన్యాయాలు జరిగాయని మా వీధి అరుగు మీద కూర్చునే పెద్దల ఏకగ్రీవ అభిప్రాయం. మొదటిది 1936 ఏప్రిల్ 1న ఊరిని తీసుకెళ్ళి కొత్తగా పుట్టిన ఒరిస్సాలో కలపడం. రెండోది పోయిన ఏడాది బజారు వెనక సందులో ఫ్రెంచి బేకరీ తెరవడం. మొదటిదానికి నిరసనగా గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అంత త్యాగం మావల్ల కాదు. మేం రోజూ సాయంత్రం ఐదున్నరకి ఆ బేకరీకే వెళ్ళి, ఏసీలో కూర్చుని నిరసన తెలుపుతున్నాం.

దుకాణం పేరు రాయను. రాస్తే ఊరికే పబ్లిసిటీ ఇచ్చినట్టవుతుంది, పైగా ఆ పేరు మాలో ఎవరికీ నోరు తిరగదు. యజమాని పరాయివాడేం కాదు, మా ఊరి కుర్రాడే. పుదుచ్చేరిలో ఏడేళ్ళు హోటల్ వంటింట్లో పనిచేసి వచ్చాడు. నాలుగు టేబుళ్ళు, ఒక గాజు బీరువా, గోడ మీద ఈఫిల్ టవర్ బొమ్మ. ఉన్నవాడు ఉన్నట్టుండకుండా ఇదేం పని అని వాళ్ళ నాన్న మా అందరికీ విడివిడిగా చెప్పుకున్నాడు. మేం కూడా అందరికీ విడివిడిగా చెప్పాం.

2019లో మన దేశానికి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. సరుకులో లోపం, సేవలో లోపం, తప్పుడు ప్రకటన అన్నీ అందులో ఉన్నాయి. పాకం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇది ఎంత పెద్ద లోటో మొదటిరోజే తెలిసింది.

ఆ రోజు మా బావగారు గాజు బీరువాలోంచి ఒక క్వాసాఁ, అంటే వెన్న పొరలతో కాల్చిన ఫ్రెంచి రొట్టె, తీయించారు. 90 రూపాయలు. ఫోన్లో డబ్బు కొట్టి, ప్లేటు అందుకుని, దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పారు. బొటనవేలితో నొక్కారు. కరకరమని పైపొరలు రాలి చొక్కా మీద పడ్డాయి. మధ్యకి విరిచి లోపలికి తొంగి చూశారు. తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా ఉంది.

"లోపల ఏటీ నేదేటి బాబూ? ఎలక తినేసినట్టున్నాది."

కుర్రాడు ఓపిగ్గా వివరించాడు. పిండిని పలకలా పరిచి, మధ్యలో వెన్న పలక పెట్టి మూస్తాడట. అప్పడాల కర్రతో సాపు చేసి మూడు మడతలు. ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ మూడు మడతలు. మళ్ళీ ఫ్రిజ్, మళ్ళీ మూడు. మూడు మూళ్ళు తొమ్మిది, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. వెన్న 27 పొరలవుతుంది. పొయ్యిలో పెట్టగానే వెన్నలో ఉన్న తడి ఆవిరై ఒక్కో పొరనీ పైకి లేపుతుంది. ఆ ఖాళీలే పనితనానికి గుర్తు.

బావగారు అంతా శ్రద్ధగా విన్నారు.

"ఇరవయ్యేడు పొరలు పెట్టినోడివి, పాకంలో ముంచడానికి బద్ధకమేటి?"

ఆ ప్రశ్నకి ఫ్రాన్సు దగ్గర ఈ రోజుకీ సమాధానం లేదు. పొరలు పొరలుగా మడవడం మనకి కొత్త విద్యా? తాపేశ్వరం వాళ్ళు మడత కాజాని మడవడం లేదా? ఇది నిస్సందేహంగా మన కాజాని దొంగిలించి, పాకం సంగతి మరిచిపోయిన కేసు. ఈ మాట బావగారు పైకి అనగానే పక్క టేబుల్లో ఉన్న ఒడియా మిత్రుడు లేచాడు. దొంగతనం జరిగిన మాట నిజమేగానీ, పోయింది తాపేశ్వరం కాజా కాదని, పూరీ జగన్నాథుడి ప్రసాదం ఖాజా అని ఆయన వాదన. ఊళ్ళో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఒక దొంగ మీద ఏకమై, సొత్తు ఎవరిదన్న దగ్గర విడిపోవడం అదే మొదటిసారి. మధ్యలో ఎవరో కాకినాడ గొట్టం కాజా ప్రస్తావన తెచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టాం. అది వేరే శాఖ.

అసలు సంగతి ఏమిటంటే ఈ క్వాసాఁ ఫ్రెంచివాళ్ళది కూడా కాదు. వియన్నాలో కిప్ఫెల్ అని నెలవంక ఆకారంలో రొట్టె ఉండేది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయన 1830ల చివర్లో ప్యారిస్‌లో వియన్నా బేకరీ పెట్టి దాన్ని అక్కడ అలవాటు చేశాడు. తర్వాత ఫ్రెంచివాళ్ళు పొరలు పెట్టి తమది చేసుకున్నారు. వియన్నా వాళ్ళు నోరెత్తలేదు. మనమైతే ఊరుకుంటామా? రసగుల్లా కోసం బెంగాల్ 2017లో, సరుకు ఏ ప్రాంతానిదో చెప్పే జీఐ గుర్తింపు తెచ్చుకుంటే, ఒడిశా పట్టు వదలకుండా 2019లో తన రసగొలాకి తను తెచ్చుకుంది. తెలుగువాళ్ళకి ఫ్రెంచివాళ్ళు కొత్త కూడా కాదు. యానాంలో 1954 దాకా వాళ్ళే ఉన్నారు. అన్నేళ్ళలో ఒక్క క్వాసాఁ గోదావరి దాటి మనవైపు రాలేదంటే, అప్పటి పెద్దలు ఎంత జాగ్రత్తగా ఉండేవారో చూడండి.

తరవాత ధర. మిఠాయి అన్నాక కిలో లెక్క ఉండాలి. ఇక్కడ పీసు లెక్క. మా బావగారు రిటైరైన ఆడిట్ ఉద్యోగి కాబట్టి, పక్క కిరాణా కొట్టు నుంచి కాటా తెప్పించి తూయించారు. సరిగ్గా 60 గ్రాములు. అంటే కిలో 1500. మామూలు రకం పలాస జీడిపప్పు కన్నా ఎక్కువ, అదీ సగం గాలి కలిపి. "గాలిని తీసేసి తూకం వెయ్యి" అన్న ఆయన డిమాండ్ న్యాయమైనదే. కుర్రాడు వెన్న ధర చెప్పబోయాడు. వెన్న రేటు మాకెందుకు? మేం కొనేది కాజా.

ఇంకో ఆయన ఫోన్లో ఫోటో చూపించాడు. అందులో క్వాసాఁ కొమ్ములా వంకరగా ఉంది, బీరువాలోది తిన్నగా ఉంది. ఫ్రాన్సులో అచ్చం వెన్నతో చేసినదాన్ని తిన్నగా ఉంచుతారని, వంకరగా ఉన్నది సాధారణంగా వెన్నకి బదులు వాడే మార్గరిన్‌తో చేసిందని కుర్రాడు అన్నాడు. ఎవరు నమ్ముతారు? బర్రెకొమ్ముతో కొంగలూ నెమళ్ళూ చేసే ఊరు మాది. వంకర విలువ మాకు చెబుతాడా?

పేరు దగ్గరైతే రెండు వారాలు గడిచాయి. ఒడిశాలో బోర్డు ఒడియాలో కూడా ఉండాలి కాబట్టి ఒడియాలో రాయించాడు. కింద ఇంగ్లీషు లిపిలో ఫ్రెంచి. మాకోసం తెలుగు. మూడూ చదివితే మూడు వేర్వేరు తినుబండారాలు. మాలో కొందరు క్రాయిసెంట్ అన్నారు, కొందరు క్రొసాంటు, మా పిన్నిగారు కోసంబరి అన్నారు. యూట్యూబ్ చూసే కుర్రకారు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు "క్వాసాఁ" అని, మిగతావాళ్ళని జాలిగా చూసేవారు. అప్పుడు మా తెలుగు మాస్టారు రంగంలోకి దిగారు. రాసిన ఆర్ పలకరు, రాసిన టీ అసలే పలకరు, ఇది గ్రాంథికం కన్నా ఘోరమన్నారు. గిడుగువారు ఈ ఊళ్ళో పాఠం చెబుతూ, కొండల్లో సవరలు ఎలా మాట్లాడితే అలా చెవిన పట్టి వాళ్ళ భాషకి నిఘంటువు కట్టారు. జనం నోట్లో ఉన్నదే భాష అన్నారు. అలాంటి ఊళ్ళో పలకని అక్షరానికి కూడా డబ్బు కట్టమంటారా? మాస్టారి ఉపన్యాసం గంటసేపు సాగింది. ఆయన కొన్నది ఒక నీళ్ళ బాటిల్.

చివరికి కౌంటర్లో కూర్చునే అమ్మాయి బిల్లు మీద "పొరల బన్ను" అని కొట్టడం మొదలుపెట్టింది. మాస్టారూ, కుర్రకారూ ఇద్దరూ అలిగారు.

ఇక గుడ్డు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది సరిహద్దు ఊళ్ళో తప్ప ఎక్కడా అర్థం కాని చిక్కు.

ఒడియావాళ్ళ నెల పున్నమి నుంచి పున్నమికి. మన నెల అమావాస్య నుంచి అమావాస్యకి. కాబట్టి ఆశ్వయుజ పున్నమి మర్నాడే వాళ్ళకి కార్తీకం వచ్చేస్తుంది. మనకి దీపావళి వెళ్ళాక గానీ రాదు. వాళ్ళు కార్తీక పున్నమితో ముగించి, మర్నాడు ఛాడఖాయి అని చేపలూ మాంసాలూ తెచ్చుకుని పండగ చేసుకుంటారు. మనకి అప్పటికి సగం కార్తీకమే అయింది. ఈ రెండు కార్తీకాలూ కలిపితే నెలన్నర. ఆ నెలన్నరా ఏదో ఒక టేబుల్ మీద "ఎగ్ ఉందా?" అన్న ప్రశ్న ఉంటుంది. ఛాడఖాయి నాడు ఒడియా మిత్రుడు గుడ్డు ఎక్కువ వేసిందేదో ఇమ్మంటే, అదే బల్లకి అటువైపు మా అత్తయ్యగారు గుడ్డు వాసన తగలకుండా కూర్చోబెట్టమన్నారు. ఇద్దరికీ ఉన్నది ఒకటే ఏసీ.

కార్తీకం దాటాక మార్గశిర లక్ష్మీవారాలు. అవీ ఇద్దరివీ వేరువేరు తేదీల్లో మొదలై వేరువేరు తేదీల్లో ముగుస్తాయి. మిగతా ఏడాది అంతా మామూలే అనుకోకండి. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, లక్ష్మీవారం, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. ఆదివారం ఇంట్లో కోడి ఉంటుంది, బేకరీకి ఎవరొస్తారు? మిగిలింది బుధవారం. బుధవారం దుకాణానికి సెలవు.

ఫ్రెంచి మిఠాయికి గుడ్డు లేకపోతే ఏం మిగులుతుందో కుర్రాడు ఏడుపుగొంతుతో చెప్పాడు. ఎక్లేర్ ఉబ్బేది గుడ్డు వల్ల. మకరాన్ అంటేనే తెల్లసొన, బాదంపొడి, పంచదార. ఒక్క క్వాసాఁలో మాత్రం పిండిలో గుడ్డు వెయ్యడు, పైన మెరుపు కోసం బ్రష్షుతో పూస్తాడు, అంతే. ఈ చివరి మాట మా అత్తయ్యగారు పట్టుకున్నారు.

"అయితే ఆ పైపూత తీసేసి ఇయ్యి నాయనా."

కాల్చాక రాదమ్మా అన్నాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చెంచా తీసి తనే గీకడం మొదలుపెట్టారు. పొరా పొరా లేచిపోతోంది. పది నిమిషాలకి ప్లేటు నిండా పొట్టు, మధ్యలో బొటనవేలంత మెత్తటి ముద్ద. దాన్ని నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నారు. ఆ రోజు నుంచి కుర్రాడు పాలు పూసిన రకం ఒకటి వేరే ట్రేలో పెడుతున్నాడు. దానికి మెరుపు లేదని ఫిర్యాదు వచ్చింది, అది వేరే సంగతి.

మిల్‌ఫయ్ గురించి క్లుప్తంగా చెబుతాను. వెయ్యి ఆకులు అని అర్థమట. మా వీధి కొత్తల్లుడు మావగారి ఎదురుగా దాన్ని ఫోర్కుతో నొక్కాడు. పైఅట్టు విరగలేదు, మధ్యలో క్రీమ్ మాత్రం పక్కనుంచి దూసుకెళ్ళి మావగారి బరంపురం పట్టు కండువా మీద వాలింది. అల్లుడు రెండు రోజులు ఊళ్ళో కనబడలేదు.

చాయ్‌లో ముంచుకు తిన్నవాళ్ళని చూసి కుర్రకారు నవ్వారు గానీ, ఫ్రాన్సులోనే కాఫీలో ముంచుకు తింటారని కుర్రాడు చెప్పేసరికి నోరు మూసుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఆ దేశం మీద నాకు గౌరవం కలిగింది. పుట్టినరోజు కేకు మీద స్పైడర్‌మేన్ బొమ్మ కావాలి, కానీ కేకు ఫ్రెంచిదే కావాలి అని అడిగినవాళ్ళ సంఖ్య నేను లెక్కపెట్టడం మానేశాను.

దుకాణం తప్పులు అసలు లేవని కాదు. నిమ్మకాయ టార్టు అని అరచేతిలో సగం ఉన్న వస్తువుని మూరెడు వెడల్పు ప్లేటులో పెట్టి, చుట్టూ సాస్‌తో ముగ్గు వేస్తాడు. ముగ్గుకి చుక్కలు కూడా సరిగ్గా కలవవు. పొద్దున చేసింది సాయంత్రానికే తినేయాలంటాడు. మా వదినగారు రెండు కొని, వైజాగ్ నుంచి తమ్ముడు వచ్చేదాకా మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచి, మైక్రోవేవ్‌లో పెట్టి, తోలులా సాగుతోందని తిరిగి పట్టుకెళ్ళారు. డబ్బు వాపసు ఇచ్చాడు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళేవాళ్ళం, అక్కడ కూడా కాటా ఉంటుంది కదా.

ఇదంతా ఒక ఎత్తు, వైశాఖంలో జరిగింది ఒక ఎత్తు. ఆ ఎండల్లో వెన్న గట్టిగా ఉండాలని కుర్రాడు రాత్రి రెండున్నరకే లేచి పని మొదలుపెట్టేవాడు. ఒకరోజు రెండో మడత అయ్యాక, నాలుగింటికి కరెంటు పోయింది. ఏడింటిదాకా రాలేదు. ఇన్వర్టరు దీపానికీ ఫేనుకీ తప్ప ఫ్రిజ్‌కి చాలదు. వెన్న కరిగి పిండిలోకి ఇంకిపోయింది. పొర అన్నది లేదు. పారేయడానికి మనసొప్పక, కాస్త పంచదార కలిపి, గుండ్రంగా చుట్టి, కరెంటు వచ్చాక కాల్చేశాడు. బీరువాలో పెట్టడానికి సిగ్గేసి గుమ్మం బయట ఒక ట్రేలో ఉంచి, "బన్ను 20" అని అట్టముక్క మీద తెలుగులో రాశాడు.

మెత్తగా, బరువుగా, లోపల ఎక్కడా ఖాళీ లేకుండా, వేళ్ళకి వెన్న అంటుతూ ఉంది. బావగారు తూయించారు, 80 గ్రాములు. అత్తయ్యగారు గీకకుండా తిన్నారు. మాస్టారికి పేరు పలకడంలో ఇబ్బంది కలగలేదు. ఒడియా మిత్రుడు ఇంటికి డజను పార్సిల్ కట్టించాడు. అరగంటలో ట్రే ఖాళీ. "ఇన్నాళ్ళకి చెయ్యి కుదిరింది బాబూ" అని బావగారు కుర్రాడి భుజం తట్టారు. కుర్రాడు ఏదో అనబోయి, లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెళ్తే మళ్ళీ అవే పొరలు, అదే 90 రూపాయలు. బన్ను ఏదని అడిగితే కరెంటు పోలేదన్నాడు. ఇందులో అతని తప్పు లేదు కాబట్టి, రోజూ తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా మా సందులో కరెంటు తీసేయాలని కోరుతూ అర్జీ తయారుచేశాం. 23 మంది సంతకాలు పెట్టాం, ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి. యజమానిగా అతని సంతకం కూడా ఉంటే బరువుంటుందని మాస్టారు అన్నారు. నాలుగు రోజులుగా కాగితం పట్టుకుని తిరుగుతున్నాం. ఎప్పుడు వెళ్ళినా చేతులకి పిండి ఉందంటున్నాడు.