చుక్కల గీత గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఫోను మ్యాపులోని చుక్కల గీత గారి సముఖమునకు,

విషయం: ఉదయగిరి కొండ కింద తమరు చూపిన దారిలో దారి లేకపోవుట గురించి.

అయ్యా,

తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. జనవరిలో ఒక ఆదివారం, బావమరిది కారు వెనక గేరు సైకిల్ కట్టుకొని, నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు వచ్చి, దుర్గం కింద నిలబడి, తెర మీద తమరిని వేలితో నిమిరింది నేనే. అప్పుడెంత ముచ్చటగా ఉన్నారు తమరు! సన్నగా వంకర్లు తిరుగుతూ, కొండ అంచునే పోయి, అవతల చెరువు కట్ట దగ్గర తారు రోడ్డులో కలిశారు. ఆరు కిలోమీటర్లు, నలభై నిమిషాలు అని పక్కనే రాసి కూడా ఉంది. టీ కొట్టాయన "ఆ పక్క దారేం లేదే" అన్నాడు. నేను నవ్వి ఫోను చూపించాను. ఆయన ఫోను చూసి, నా హెల్మెట్ చూసి, గ్లాసులు కడుక్కుంటూ "అయితే ఉంటాదిలే" అన్నాడు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి మాట కంటే తమరంటే నాకు అంత గురి.

మొదటి కిలోమీటరు తమరు మాట తప్పలేదు. గట్టి ఎర్రమట్టి, రెండు పక్కలా చిల్లకంప, మధ్యలో ఒక్క చక్రం పట్టేంత బాట. మా సైకిల్ వాళ్ళు సింగిల్ ట్రాక్ అని మురిసిపోయేది దీన్ని చూసే. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ కొండ గురించి ఇదే రాశాడు: ఒకరి వెనక ఒకరు నడవాల్సిన సన్నటి దారి తప్ప కోటకు ఇంకో దారి లేదని. కృష్ణదేవరాయలు 1513లో వచ్చి, బండలు పగలగొట్టించి దారి వెడల్పు చేయించి, ఏడాదిన్నర ముట్టడి తర్వాత గజపతుల నుంచి కోట పట్టాడు. పోతూ పోతూ ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. అంతటి రాయలకు ఏడాదిన్నర పట్టిన చోట నాకు నలభై నిమిషాలు చాలన్నారు తమరు. పాపం, ఆయన దగ్గర ఫోను లేదు.

రెండో కిలోమీటరులో తమరు వంకలోకి దిగారు. గుమ్మడికాయలంత గుండ్రాళ్ళు. పదమూడు కిలోల సైకిల్ నన్ను మోయాల్సింది పోయి నేనే దాన్ని భుజాన వేసుకున్నాను. దారి తప్పానేమోనని చూస్తే, నీలం చుక్క తమరి నెత్తి మీదే కూర్చొని ఉంది. ఇంటికొచ్చాక ఉపగ్రహం తీసిన బొమ్మ పెద్దది చేసి చూశాను. ఎండిన వంకలో ఇసుక, పైనుంచి చూస్తే అచ్చం బాటలాగే తెల్లగా మెరుస్తోంది. చల్లటి గదిలో కూర్చున్న పుణ్యాత్ముడెవరో దాని మీద చుక్కలు పెట్టుకుంటూ పోయినట్టున్నాడు. కార్తీకంలో తుపాను పడితే తమరి దారిలో నడుములోతు నీళ్ళు పారతాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఆ ఖాళీలెందుకా అనుకునేవాణ్ణి. అక్కడ తమరికే నమ్మకం లేదన్నమాట.

వంక దాటి గట్టెక్కితే పల్లేరుకాయలు. ఎటు పడేసినా ఒక ముల్లు ఆకాశం వైపు చూసేటట్టు దేవుడు శ్రద్ధగా చెక్కిన కాయ అది. ముందు చక్రం బుస్సుమంది. ట్యూబ్‌లెస్ టైరు వేసి సీలెంటు పోయించుకుంటే చిన్న చిల్లుల్ని ఆ జిగురే పూడ్చుకుంటుందని షాపులో చెప్పారు. దండగ ఖర్చు అనుకున్నాను. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలు పెట్టి తడిమి ముల్లు తీయాలని కూడా తెలుసు. హడావిడిలో తడమలేదు. రెండో ట్యూబూ రెండు నిమిషాల్లో పోయింది. ఈ రెండూ తమరి ఖాతాలో వేయను, నాకూ కొంచెం న్యాయబుద్ధి ఉంది.

అప్పుడొచ్చాడు మేకల పెద్దాయన.

"ఎవురు నాయనా నువ్వు? ఎర్రచందనం కోసరమా?"

"కాదు పెద్దాయనా, ఊరికే తొక్కుదామని."

"ఊరికేనా?" అని సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. "నిజమేలే, దీని మీద దుంగ యాడ పెడతావు."

మొలతాడుకు కట్టుకున్న చిన్న పట్టకారుతో నా టైర్లలో పదకొండు ముళ్ళు పీకాడు. ఆయన కాళ్ళకు పాత లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. అదే పల్లేరు మీద నడిచొచ్చిన ఆ టైరుకు ఏమీ కాలేదు. నా టైరు జత ఖరీదు మాత్రం ఆయనకు చెప్పలేదు. నా ప్యాచీల డబ్బాలో జిగురు ఎండిపోయింది, ఇక నెట్టుకుంటూ నడవాల్సిందే. తమరిని ఆయనకు చూపించాను.

"ఇది మా వంక గదా. దారని ఎవురు చెప్పారు?"

"ఇదే చెప్పింది."

"దీనికెవురు చెప్పారు?"

ఈ ప్రశ్నకు జవాబు తమరి నుంచే రావాలి, అందుకే ఈ అర్జీ.

రోడ్డు ఎంత దూరమంటే, బీడీ తాగినంత సేపన్నాడు. మేకల వెనక నడిచి రోడ్డెక్కేలోపు నాలుగు బీడీలు తాగాడు. లెక్కల్లో ఆయనా తమరి చుట్టమే. కాకపోతే ఆయన నాతో కూడా వచ్చాడు.

ఇంకొక్క మనవి. ఆ పూట నా ఫోను తన పని తాను చేసుకుపోయింది. నేను సైకిల్ మోసింది, మేకల వెనక నడిచింది, ఒక మేకపిల్ల తప్పిపోతే కంప చుట్టూ మూడుసార్లు తిరిగింది, అంతా ఒక గీతగా గీసి, "మార్నింగ్ రైడ్" అని పేరు పెట్టి, నన్ను అడక్కుండా లోకానికి చూపించింది. నిన్న ఒంగోలు నుంచి ఎవరో కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఉదయగిరి ట్రయిల్ అదిరింది. మధ్యలో ఆ మూడు రౌండ్లు కేక! ఆదివారం ఐదుగురం వస్తున్నాం. నీ గీత నమ్మొచ్చా?"

ఏమి రాయమంటారో సెలవివ్వగలరు.

ఇట్లు,
తమరి వెంట వచ్చినవాడు

జతపరచినవి: పల్లేరు ముళ్ళు, పదకొండు.