కొల్లేరు లెక్క ఎవరి దగ్గరుంది?

గుడివాడ నుంచి భీమవరం పోయే రైల్లో కైకలూరు దాటాక కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర నీళ్లే. కొత్తగా వచ్చినవాళ్లు అదే కొల్లేరనుకుంటారు. చాలావరకు అవి చేపల చెరువులు. ఆ చెరువుల లెక్క టీకొట్టు దగ్గర నిలబడ్డ మనిషిని అడిగినా చెప్పేస్తాడు: ఎకరం లీజు ఎంత, మేతకెంత, శీలావతి కిలో ఎంత పలికింది, కోల్‌కతా లారీకి ఐసు ఎంత పట్టింది. అదే మనిషిని, అసలు కొల్లేరు ఏడాదికి ఎంత సంపాదించి పెడుతోందని అడగండి. నవ్వి ఊరుకుంటాడు. సచివాలయంలో అడిగినా అంతకంటే మంచి జవాబు వస్తుందని నాకు నమ్మకం లేదు.

ఇన్నేళ్ల కొల్లేరు తగవుకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1970ల్లో లంక గ్రామాల పేదల బతుకుతెరువు కోసమని ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. మెల్లగా అవి లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 1999 అక్టోబరులో జీవో 120 వచ్చి, ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006 ఆపరేషన్ కొల్లేరులో గట్లు పేల్చేశారు, కొన్నాళ్లకు గట్లు మళ్లీ లేచాయి. మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. అలా చేస్తే మిగిలేది దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత జరిగినా, ఐదు నుంచి మూడుకు దిగితే ఎవరికి ఎన్ని రూపాయలు వస్తాయి, ఎవరికి ఎన్ని పోతాయి అన్నదానికి రెండు పక్షాలూ ఒప్పుకునే లెక్క ఒక్కటీ లేదు.

కొల్లేరు చేసే పనికి లెక్క కట్టలేమా అంటే, కట్టవచ్చు. కష్టం, అంతే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరద వస్తుంది, పరుచుకుంటుంది, ఉప్పుటేరు మీదుగా నిదానంగా సముద్రంలోకి దిగుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి చేరేదీ ఇక్కడికే. ఆ మునకకు కారణం పైన గండ్లు పడటం, దాన్ని కొల్లేరు మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ కింద నీళ్లు పరుచుకునే చోటు తగ్గితే వరద ఎన్ని రోజులు ఎక్కువ నిలుస్తుంది, ఎవరి వరి కుళ్లుతుంది అన్నది లెక్కకు అందే ప్రశ్నే. సరస్సులో మంచినీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది. అప్పుడు తాగునీటికి లంక గ్రామాల ఇల్లాలు పెట్టే ఖర్చూ లెక్కే. కొర్రమీను, జెల్ల పట్టుకుని బతికిన వడ్డి కుటుంబాల వేట ఎంత పడిపోయిందన్నదీ లెక్కే. ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్లను చూసే టికెట్ల డబ్బు అన్నిటికన్నా సులువైన లెక్క, బహుశా అన్నిటికన్నా చిన్నది కూడా.

ఇలాంటి పని మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. జీవో 120 వచ్చిన అదే అక్టోబరు చివర ఒడిశాను మహా తుపాను కొట్టింది. కేంద్రాపడా జిల్లాలో ఊరి ముందు మడ అడవి ఎంత మందాన ఉంది, ఆ ఊళ్లో ఎంతమంది చనిపోయారు అన్న వివరాలను ఊరూరికీ పోల్చి చూసిన ఆర్థికవేత్త సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి 2009లో ఫలితాలు ప్రచురించారు. మడ అడవి మందంగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువ. మడ అడవి మంచిదని జాలరులకు ఎప్పుడో తెలుసు. ఫైలు మీద పెట్టగలిగే సాక్ష్యం మాత్రం తుపాను వెళ్లిన పదేళ్లకు దొరికింది.

ఆ పరిశోధనకు చేయూతనిచ్చింది కాఠ్‌మాండూ కేంద్రంగా, 1999లోనే మొదలైన శాండీ అనే దక్షిణాసియా పర్యావరణ ఆర్థికవేత్తల బృందం. ఈ ప్రాంతపు పరిశోధకులకు చిన్న గ్రాంట్లు, పెద్దల దగ్గర శిక్షణ ఇవ్వడం దాని పద్ధతి. డబ్బు మాత్రం ఎక్కువగా విదేశీ దాతలది. మన దగ్గరా ఇదే కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్ల నీటిమట్టం తామే కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్న భూగర్భజల పథకానికి సొమ్ము నెదర్లాండ్స్ నుంచి, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా వచ్చింది. అలాంటి ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. భూగర్భజలానికి గడువు ఉండదు కదా.

లెక్క ఉంటే ఏమవుతుందో అడవుల విషయంలో చూశాం. అడవుల రక్షణపై సాగిన గోదావర్మన్ కేసులో, అటవీ భూమి మళ్లించేవాళ్లు అడవి నికర ప్రస్తుత విలువ (ఆ అడవి మున్ముందు ఇచ్చే ప్రయోజనాల ఈనాటి విలువ) చెల్లించాలని సుప్రీంకోర్టు అంది. ఎంతన్నది తేల్చడానికి ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నాయకత్వంలో కమిటీ కూర్చుంది. 2008లో కోర్టు హెక్టారుకు రూ.4.38 లక్షల నుంచి రూ.10.43 లక్షల దాకా రేట్లు ఖరారు చేసింది. అలాంటి వసూళ్లతో పెరిగిన నిధి నుంచే 2019లో రాష్ట్రాలకు రూ.47 వేల కోట్లకు పైగా వెళ్లాయి. దీంట్లో చేదు కూడా ఉంది. రేటు కట్టేసరికి, డబ్బు పారేసి అడవి కొట్టుకోవచ్చన్న ధీమా కంపెనీలకు వచ్చింది. కొల్లేరుకూ ఆ ప్రమాదం ఉంది: విలువ కడితే రేపు ఎవరో చెక్కు రాసిచ్చి నీళ్లలో గట్టు వేస్తానంటారు. కానీ ఈ రోజు ఆ గట్టు ఉచితంగానే లేస్తోంది కాబట్టి, లెక్క వద్దనే వాదన నాకు మింగుడుపడదు.

మరి ఈ లెక్క కట్టడానికి డబ్బు ఎవరిస్తారు? దేశంలో పరిశోధనకు నిధులిచ్చేందుకు 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో రూ.50 వేల కోట్లన్నారు. అందులో సింహభాగం ప్రభుత్వం బయటి నుంచి రావాలి. చిప్‌ల మీద పరిశోధనకు కంపెనీ డబ్బిస్తుంది. బుడమేరు వరద ఎవరి పొలంలో ఆగుతుందో తెలుసుకోవడానికి ఏ కంపెనీ ఇస్తుంది? చెరువుల యజమానులు ఇస్తే ఆ నివేదికను ఎవరు నమ్ముతారు? జలవనరుల శాఖ ఇచ్చినా అనుమానమే, రేపు ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాల్సింది వాళ్లే.

కాబట్టి సొమ్ము రాష్ట్ర బడ్జెట్‌లోంచే, విడిగా, కనీసం పదేళ్లకు ఒకేసారి కేటాయించాలి. కొల్లేరులో ఒక వాన చూసి చెప్పేదేమీ ఉండదు. కరువు ఏడాది, వరద ఏడాది రెండూ పడాలి. ఆ డబ్బు తాళం ఏ శాఖ దగ్గరా ఉండకూడదు. ఒక విశ్వవిద్యాలయానికో, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ లాంటి సంస్థకో అప్పగించి, అంకెలన్నీ ఏటా బయట పెట్టమనాలి. నీటిమట్టం, ఉప్పదనం, వేట రోజూ రాసే పని లంక గ్రామాల పిల్లలకే జీతమిచ్చి అప్పగించవచ్చు. బోర్ల దగ్గర రైతులు చేసిన పనే ఇది. ఐదో కాంటూరా, మూడో కాంటూరా అని మళ్లీ సభలో చేతులెత్తే రోజు వస్తుంది. ఆ రోజు సభ్యుల ముందు చెరువుల లెక్క ఎలాగూ ఉంటుంది.