ప్రైవేటులో కులమే లేదంటున్న ఆ ఫార్వర్డు సంగతి

కొన్నాళ్లుగా ఓ ఫార్వర్డు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, పాత ఆఫీసు గ్రూపులో, ఆఖరికి చుట్టాల గ్రూపులో కూడా తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘ప్రైవేటు ఉద్యోగాల్లో కూడా కుల రిజర్వేషన్లు పెట్టేస్తున్నారు, తెలంగాణలో బీసీలకే 42 శాతం. అంబేడ్కర్ పదేళ్లు చాలన్నాడు, వీళ్లు ఇన్నేళ్లయినా వదలట్లేదు. ప్రైవేటులో కులం లేదు, మెరిట్ ఒక్కటే. దాన్నీ చెడగొడితే నాణ్యత పోతుంది. సొంత డబ్బు పెట్టుకున్నవాడికి ఎవర్ని తీసుకోవాలో చెప్పడానికి సర్కారెవరు? కంపెనీలు హైటెక్ సిటీ ఖాళీ చేసి పోతాయి. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇలా లేదు.’ చివర్లో దండాల బొమ్మలు, పది మందికి పంపమని హెచ్చరిక.

ప్రైవేటులో చట్టం పెట్టి కోటా ఇవ్వాలా వద్దా అన్నది నిజంగానే వాదించుకోవాల్సిన విషయం. వద్దనేవాళ్ల దగ్గరా గట్టి కారణాలున్నాయి. కాకపోతే ఈ ఫార్వర్డు రాసినాయన వాటి జోలికి పోలేదు. పోయిన చోటల్లా తప్పులే రాశాడు. వరసగా చూద్దాం.

‘పెట్టేస్తున్నారు, బీసీలకు 42 శాతం.’

ఎవరూ పెట్టలేదు. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించిన 42 శాతం బిల్లులు చదువులకు, సర్కారు కొలువులకు, స్థానిక సంస్థల పదవులకు సంబంధించినవి. మాదాపూర్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీకి వాటితో పని లేదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం కూడా ప్రభుత్వ ఉద్యోగాల గురించే చెబుతుంది. ప్రైవేటు కాలేజీల సీట్ల కోసం 93వ సవరణ తెచ్చి 15(5) చేర్చారు గానీ, ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి సవరణ ఏదీ రాలేదు. ఫార్వర్డు రాసినాయన బహుశా ‘లోకల్ కోటా’ వార్తలు చూసి కంగారుపడ్డాడు. ఆంధ్రప్రదేశ్ 2019లో, హరియాణా ఆ మరుసటేడు 75 శాతం ప్రైవేటు ఉద్యోగాలు స్థానికులకే అని చట్టాలు చేశాయి. హరియాణా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024 జులైలో అలాంటి బిల్లే తయారుచేసి, పరిశ్రమలవాళ్లు గోల పెట్టేసరికి పక్కన పెట్టింది. అవన్నీ ఊరు చూసి ఇచ్చేవి. కులం ఊసే లేదు వాటిలో.

‘అంబేడ్కర్ పదేళ్లే అన్నాడు.’

ఇది ఎన్నిసార్లు చెప్పినా తిరిగొచ్చే మాట. పదేళ్ల గడువున్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభ, శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీల సీట్ల సంగతి. దాన్ని పార్లమెంటే పొడిగిస్తూ వస్తోంది, ఇప్పటి గడువు 2030 జనవరి దాకా ఉంది. ఉద్యోగాల రిజర్వేషన్లకు రాజ్యాంగం ఏ గడువూ పెట్టలేదు.

‘ప్రైవేటులో కులం లేదు, మెరిట్ ఒక్కటే.’

అసలు వాదనంతా ఈ ముక్క మీదే నిలబడింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. పేర్లు మాత్రం వేరు: పై కులమని తెలిసేవి కొన్ని, దళితులని తెలిసేవి కొన్ని, ముస్లిం పేర్లు కొన్ని. 2007లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, పై కులం పేరుకు పిలుపొచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకున్నది మూడింట రెండొంతులే, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. ఇంటర్వ్యూ దాకా కూడా పోలేదు, గమనించండి. మెరిట్ చూపించుకునే చాన్సు రాకముందే పేరు దగ్గర వడపోత అయిపోయింది.

పైమెట్టు చూద్దామంటే అదీ ఉంది. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో డైరెక్టర్లలో 93 శాతం అగ్రవర్ణాలవాళ్లని తేలింది. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం, ఓబీసీలు 3.8 శాతం. కులం లేని చోట ఇలాంటి లెక్క యాదృచ్ఛికంగా వస్తుందా?

మన హైదరాబాద్ సంగతికొద్దాం. ఇక్కడ కులం అడగరు, నిజమే. అడగాల్సిన పనేముంది? రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్ అని పేరు చివరే రాసుంటుంది. లేకపోతే ఇంటిపేరు, సొంతూరు, ‘నాన్నగారేం చేస్తుంటారు’ అనే మూడు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఢిల్లీలో హెచ్‌ఆర్ అధికారులతో మాట్లాడి అధ్యయనం చేసిన సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌లకు కూడా ఇదే కనిపించింది. అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ చూస్తామని ఆ అధికారులు దాపరికం లేకుండా చెప్పారు.

కార్తీక మాసంలో ఆదివారం పూట మొయినాబాద్ వైపు తోటలకు వెళ్లి చూడండి. ఏ కులం వనభోజనాలు ఆ కులానివే, గేటు దగ్గర ఫ్లెక్సీతో సహా. పిల్లలకు మ్యూజికల్ చైర్స్, ఆడవాళ్లకు తంబోలా, ఉసిరి చెట్టు కింద పూజ. పులిహోర, గుత్తొంకాయ విస్తట్లో పడే వేళకు మాటలు మొదలవుతాయి. ‘అన్నా, మా బామ్మర్ది బీటెక్ అయ్యాడు, జావా ఫుల్‌స్టాక్ నేర్చుకున్నాడు, మీ దగ్గరేమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?’ ‘రెజ్యూమే వాట్సాప్ చెయ్ తమ్ముడూ, రిఫర్ చేస్తా.’ సోమవారం ఆ రెజ్యూమే కంపెనీ పోర్టల్లోకి ఎక్కుతుంది. కుర్రాడు చేరితే రిఫర్ చేసినాయనకు బోనస్ కూడా వస్తుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మనోడికి సాయం చేశానన్న తృప్తే ఉంది. ఆ విస్తరి ముందు కూర్చునే వీలు లేని కుర్రాడు మాత్రం అమీర్‌పేటలో అదే జావా కోర్సు చేసి, అదే సర్టిఫికెట్ పట్టుకుని, ఆన్‌లైన్‌లో వందలాది దరఖాస్తుల మధ్య పడి ఉంటాడు.

మెరిట్ అంటున్నాం కాబట్టి ఇంకో రెండు. తెలంగాణ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు బీ-కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు ఎంతైనా జేబు బరువును బట్టి కంప్యూటర్ సైన్స్ దొరుకుతుంది. ఆ సీటులో చదివినవాణ్ణి ‘కోటాగాడు’ అని ఎవరూ అనరు. ఇక బ్యాక్‌డోర్ ఉద్యోగాల సంగతి ఈ ఊళ్లో తెలియనివాడు లేడు. లక్షలు కడితే ఆఫర్ లెటర్ అని కన్సల్టెన్సీలు బహిరంగంగానే తిరుగుతుంటాయి. సగం మోసాలు, సగం నిజాలు. మెరిట్ మీద అంత బెంగ ఉన్నవాళ్లకు దీని మీద ఒక్క ఫార్వర్డు రాయాలని తోచలేదు.

పోతే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పొద్దున ఆరింటికి కాంట్రాక్టు ఏజెన్సీ వ్యాన్లు దిగే హౌస్‌కీపింగ్ షిఫ్టును చూడండి. బాత్రూములు కడిగే ఆ పనిలో ఏ కులాలవాళ్లు ఎక్కువగా ఉంటారో ప్రత్యేకంగా చెప్పాలా? అక్కడ కోటా దండిగా అమలవుతోంది, చట్టం లేకుండానే.

‘నాణ్యత పోతుంది.’

దశాబ్దాలుగా రిజర్వేషన్లు నడుస్తున్న అతి పెద్ద సంస్థ రైల్వే. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ 1980 నుంచి 2002 వరకు రైల్వే లెక్కలు తీసి, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగిన చోట ఉత్పాదకత తగ్గిందా అని చూశారు. తగ్గినట్టు ఆధారమే దొరకలేదు. పైస్థాయి ఉద్యోగాల్లో వాళ్ల వాటా పెరిగిన చోట మెరుగైన సూచనలు కూడా కనిపించాయి. అంతదూరం ఎందుకు, కుషాయిగూడ దగ్గరి ఈసీఐఎల్ ప్రభుత్వరంగ సంస్థే, రిజర్వేషన్లు ఉన్నదే. దేశమంతా ఓటేసే ఈవీఎంలు తయారుచేసే రెండు కంపెనీల్లో అదొకటి. ఐటీ కంపెనీలే ‘విమెన్ ఓన్లీ’ డ్రైవ్‌లు పెట్టి లింక్డ్‌ఇన్‌లో గొప్పగా చెప్పుకుంటాయి. అక్కడ లేని నాణ్యత భయం కులం మాటెత్తగానే ఎందుకొస్తుంది?

‘సొంత డబ్బు, సర్కారెవరు?’

పూర్తిగా సొంత డబ్బేనా? 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచీ ఈ ఊరి ఐటీ సర్కారు భూమి మీద, సర్కారు వేసిన రోడ్ల మీద, రాయితీల మీద పెరిగింది. దానికి బదులుగా షరతులు పెట్టడం కొత్తేమీ కాదు. ఢిల్లీలో తక్కువ ధరకు భూమి తీసుకున్న ప్రైవేటు ఆస్పత్రులు పేదలకు 10 శాతం పడకలు ఉచితంగా ఇవ్వాల్సిందేనని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ప్రైవేటు బ్యాంకులు అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకే ఇవ్వాలి. అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అప్రెంటిస్‌లకు శిక్షణ స్థానాలు కేటాయించాలని ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించేలా అందులో ఇప్పటికే ఉంది. శిక్షణయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం లేదు, అది వేరే సంగతి. పరిశ్రమ కూలిపోలేదు.

‘కంపెనీలు వెళ్లిపోతాయి.’

ఇందులో కొంత నిజముంది. పన్నెండు మంది పనిచేసే స్టార్టప్‌కు రోస్టర్ పాయింట్లు (ఏ ఖాళీ ఏ వర్గానికో చెప్పే వరస), ఇన్‌స్పెక్టర్లు, త్రైమాసిక రిటర్నులు తగిలిస్తే నలిగిపోతుంది. వృత్తి, వ్యాపార స్వేచ్ఛ ఇచ్చే 19(1)(జి) కూడా అడ్డమొస్తుంది. సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రిజర్వేషన్లు రుద్దకూడదని సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన ఇనామ్దార్ తీర్పు తర్వాత రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది, ఇక్కడా అంతే కావచ్చు. తొందరపడి రాసిన చట్టం కోర్టులో ఒక్క రోజు కూడా నిలవదు. ఫార్వర్డు రాసినాయన ఈ దారిలో వచ్చుంటే నేను సగం ఒప్పుకునేవాణ్ణి. పెద్ద కంపెనీలు మూట సర్దుకుంటాయన్న మాట మాత్రం బెదిరింపే. అవి ఈ ఊరికొచ్చింది ఇక్కడి ఇంజినీర్ల కోసం, ఆ ఇంజినీర్లు ఎక్కడికీ పోవట్లేదు.

‘ఏ దేశంలోనూ లేదు.’

మలేసియాలో ఉద్యోగాల్లో మలయ్ జాతివాళ్ల వాటా పెంచే విధానం 1971లోనే మొదలైంది. దక్షిణాఫ్రికాలో 1998లో ఉద్యోగ సమానత్వ చట్టం వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో ఎంతమంది క్యాథలిక్కులు, ఎంతమంది ప్రొటెస్టెంట్లు పనిచేస్తున్నారో యజమానులు లెక్క చెప్పాలని 1989లోనే చట్టం చేశారు. అమెరికాలో కోటాలు లేవు, నిజం. కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు మైనారిటీ జాతులకు సమాన అవకాశం దక్కేలా చర్యలు తీసుకోవాలని 1965 నుంచి ఉన్న నిబంధనను కూడా 2025 జనవరిలో ఎత్తేశారు. అయినా వందమందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రతి ప్రైవేటు యజమానీ ఏ జాతివాళ్లు ఎంతమంది, ఏ స్థాయిలో ఉన్నారో అక్కడి ప్రభుత్వానికి ఏటా లెక్క ఇవ్వాలని 1960ల నుంచీ నియమం ఉంది. మన గచ్చిబౌలి కంపెనీల అమెరికా ఆఫీసులు కూడా ఆ పట్టిక నింపినవే. మనవాళ్లు అక్కడికీ కులాన్ని మోసుకెళ్లారు కాబట్టే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది.

ఇక్కడ మాత్రం అలాంటి లెక్క లేదు. 2006లో మన్మోహన్ సింగ్ పరిశ్రమాధిపతుల సభలో ఈ విషయం కదిపినప్పుడు, చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని పరిశ్రమ సంఘాలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారో చూద్దామంటే చాలా కంపెనీల వార్షిక నివేదికల్లో ఏమీ దొరకదు. స్టాక్ మార్కెట్లో లిస్టయిన పెద్ద వెయ్యి కంపెనీలు, ఆ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఏటా ఇచ్చే బాధ్యతా నివేదికలో ఆడవాళ్లెందరు, వికలాంగులెందరు అన్న గడులున్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అనే గడి లేదు. కోటా గురించి తర్వాత కొట్లాడుకోవచ్చు, ముందు ఆ గడి పెట్టమనండి. ప్రైవేటులో కులం లేదనేవాళ్లకు దీని మీద అభ్యంతరం ఉండకూడదు మరి.